పేరు మార్చుకొన్న వారసులు

సాయంకాలపు టెండ కిటికీలోని ఖాళీ సీసాపై బడి, దాని కంఠమున నొక ఆకుపచ్చని రేఖయై నిలిచినపుడు, నాకెందుచేతనో బొంబాయి నగరపు జంషెట్జీ జీజీభాయి జ్ఞాపకమునకు వచ్చెను.

1783లో జన్మించి, చిన్నతనముననే తలిదండ్రులను గోల్పోయి, బంధువు నొద్ద పాతసీసాల బేరములో చేరిన యా పార్సీ బాలుడు, చీనాదేశముతో ప్రత్తి, నల్లమందు వర్తకము సాగించి అపార ధనరాశికి స్వామియై, ఆసుపత్రులకును పాఠశాలలకును దానిని ధారవోసి, 1857లో భారతీయులలో ప్రథమముగా బ్రిటిషువారి బారనెట్ బిరుదము నందెను. ఆ నల్లమందును తలచుకొన్నపుడు మనస్సు చివుక్కుమనును. ఆ దానమున రోగము తీరినవారిని తలచుకొన్నపుడు చేయెత్తి మ్రొక్కబుద్ధియగును. ఈ రెంటిలో నేదియు నేను విడువజాలను.

బారనెట్ పదవి ప్రభువుల సభలో ఆసనము నీయదు. పేరునకు ముందు ‘సర్’ అను చిన్ని మాటనిచ్చి, తండ్రినుండి జ్యేష్ఠపుత్రునకు సంక్రమించును. కాని యీ వంశమున మఱియొక విశేషము గలదు. 1860లో చేయబడిన శాసనముచొప్పున, బిరుదము నందిన ప్రతివాడును తన పేరు విడిచి మూలపురుషుని పేరే ధరింపవలసియుండెను. 1859లో జంషెట్జీ గతించిన తరువాత, అప్పటికే నడివయసువాడైన కర్సెట్జీ తండ్రి పేరివాడయ్యెను. ఆ పిమ్మట వచ్చినవారును అట్లే.

ఊయెలలో చెవిని బడిన పేరు అంత సులభముగ రాలిపోవునా? దస్తావేజుపై జంషెట్జీయని సంతకము చేసి యింటికి వచ్చిన కర్సెట్జీని, దీపము పెట్టు వేళ, ఆ యింటివారు ఏ పేరున బిలిచిరో!

ఎండ వాలినది. సీసాపై చీటీ ఊడిపోయినచోట జిగురుమరక యొకటి యింకను మెఱయుచున్నది.