నర్సీపట్నము నుండి నక్కపల్లికి

మా నర్సీపట్నమునకు ఒకవైపు మన్యపు కొండలు, మఱియొకవైపు సముద్రమునకుఁ బోవు బాట. మొన్నటి మాఘమాసమున మా మరిదితోఁ గూడి సముద్రపువైపు నక్కపల్లికి బయలుదేరితిమి. అతఁడు రసాయనశాస్త్రమున ఎం.ఎస్‌సీ. పట్టము పొంది, అచ్చటి మందుల కర్మాగారమున పనిచేయుచున్నాఁడు. విదేశపు పరిశోధనశాలలో ఉద్యోగ మిప్పింతునని యొక దళారి అతనియొద్ద సొమ్ము గైకొని మాయమయ్యెను. అత్తగారి బంగారు గాజులును అందులోనే పోయినవి.

అడ్డరోడ్డు వఱకు జీడిమామిడి తోఁటలు. అటుపై జాతీయ రహదారి. నక్కపల్లి చేరువకు రాఁగానే పొడవైన గొట్టములు, ఘాటైన వాసన. వానిని చూపి మరిది, "వదినా! ఇక్కడ మేము చేయునది పెద్ద గుండిగలో వంట. కొత్త వంటకము కనుఁగొనుట వేఱు. అందులకే పోవలెనని నా కోరిక" యనెను. ఆ మాట మా మనస్సున నాటినది.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము అతనికి చెప్పితిమి. వారు అమెరికాలో మొదట ఆసుపత్రిలో రాత్రివేళ సేవకపని చేసిరి. 1925లో ఫిస్కేగారితోఁ గూడి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1930లో హార్వర్డున డాక్టరు పట్టము పొందిరి. లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో చేరినది 1940లో. అనఁగా కంపెనీ వాకిలి తెఱచుకొనుటకు ముందే పదునైదేండ్ల పని వారికి సాక్ష్యముగా నిలిచినది. అచ్చట వారి బృందము కనుఁగొన్న డైఇథైల్ కార్బమజైన్ మాత్రలనే మన తీరపు జిల్లాలలో బోదకాలు నివారణకై ఇంటింట పంచిరి.

ఇంటికి వచ్చిన పిదప మావారు విచారించి చెప్పిన సంగతు లివి. అమెరికాలో హెచ్-1బి అనుమతికి ఉద్యోగ మిచ్చు సంస్థయే అర్జీ పెట్టవలెను. అభ్యర్థి తనంత తాను పెట్టుటకు వీలులేదు. ఇంగ్లండునను లైసెన్సు గల యజమాని పూచీ వలయును. జర్మనీ దేశము 2024 జూను నుండి, అర్హులైనవారు ఏడాది వఱకు అచ్చటనే యుండి పని వెదకుకొనుటకు అవకాశపత్ర మిచ్చుచున్నది. అందులకు పట్టమునకు గుర్తింపు, భాషాజ్ఞానము, ఖర్చులకు ధనము చూపవలెను. అచ్చటి విశ్వవిద్యాలయమున వేతనముతో డాక్టరేటు చేసి, ఆపై పరిశ్రమలో చేరుట పలువురు నడచిన బాట.

సోదరీమణులారా! దళారి చేతిలో సొమ్ము పెట్టకముందు, "అర్జీ పెట్టు సంస్థ యేది?" అని యడుగుఁడు. మేము అడుగకపోతిమి.

ఇప్పుడు మరిది తన ప్రయోగములను వరుసగా వ్రాసి, ఆచార్యులకు స్వయముగా లేఖలు పంపుచున్నాఁడు. అత్తగారు, "గాజులు పోయిన పోనీ, వాని పట్టుదల పోలేదు గదా!" అనిరి.