అమ్మ ఎత్తు పీట

‘‘ఏరా, ఇంట్లో బార్ పెడుతున్నావా?’’

ఫోన్లో అమ్మ గొంతు కంగారుగా ఉంది. తప్పు నాదే. ‘ఆదివారం ఏం చేస్తున్నారు?’ అని అడిగితే ‘బార్ స్టూళ్ళు కొనడానికి వెళ్తున్నాం’ అన్నాను. తెనాలి పక్కన పల్లెటూళ్ళో ఉన్న మనిషికి అందులో మొదటి మాటే గట్టిగా వినబడింది. ‘‘అబ్బే, అది కాదమ్మా... ఎత్తు పీటల్లాంటివి. వంటింటి గట్టు దగ్గర కూర్చుని టిఫిన్ తినడానికి’’ అని సర్దిచెప్పాను. ‘‘పీట అయితే నేలమీద ఉంటుంది గానీ గట్టు దగ్గరెందుకుంటుంది?’’ అందావిడ. ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

మేం నిజాంపేటలో ఫ్లాటు కొన్నప్పుడు బిల్డరు బ్రోచర్లో మా ఆవిణ్ణి పడగొట్టిన మాట ‘ఓపెన్ కిచెన్’. వంటింటికీ హాలుకీ మధ్య గోడ ఉండదు. దాని బదులు ఆరడుగుల పొడవున నల్ల గ్రానైటు కౌంటరు. హాలు వైపు అది ఒక అడుగు బయటికి వచ్చి ఉంటుంది. దానికింద మోకాళ్ళు పెట్టుకుని, ఎత్తు స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతూ... అదంతా బ్రోచర్లో. మా ఇంట్లో మాత్రం ఆర్నెల్లపాటు ఆ కౌంటరు మీద తాళంచెవులూ కరెంటు బిల్లులూ పాత పేపర్లూ కాపురం చేశాయి. ఈఎంఐలు కాస్త అలవాటుపడ్డాక స్టూళ్ళ మీదికి దృష్టి మళ్ళింది.

ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. ఇల్లు సర్దుకోవడం ఎలా, సోఫా ఎంపిక ఎలా, కర్టెన్లు ఏ రంగువి... ఇలాంటివి ఈ ఉద్యోగంలో చాలానే రాశాను. ‘కొనేముందు కొలతలు తప్పనిసరి’ అన్న వాక్యం ఎన్నిసార్లు రాసుంటానో! అలాంటివాణ్ణి, జేబులో టేపు లేకుండా దుకాణానికి వెళ్ళాను. నిగనిగలాడే చెక్క స్టూళ్ళు నాలుగు చూపించి ‘ఇప్పుడందరూ ఇవే తీసుకుంటున్నారు సార్’ అన్నాడు అతను. నాలుగూ ఆటో ట్రాలీ ఎక్కాయి.

ఇంటికొచ్చి కూర్చుంటే తొడలు గ్రానైటు కింద ఇరుక్కున్నాయి. ప్లేటు కౌంటరు మీద పెడితే దాదాపు ఒళ్ళో ఉన్నట్టే ఉంది. ఇడ్లీ ముక్క తుంచడానికి మా ఆవిడ నడుం వంచేసరికి పాప పకపకా నవ్వింది. పైగా నాలుగు వరసగా వేస్తే మోచేతులు కొట్టుకుంటున్నాయి. దుకాణానికి ఫోన్ చేస్తే, బిల్లు వెనక ఉన్నది చదువుకోమన్నాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదట!

అంగుళాల లెక్క

తెలివితేటలు ఆలస్యంగా వచ్చినా ఉపయోగమే కాబట్టి మీకోసం చెబుతున్నాను. ఈ స్టూళ్ళలో ప్రధానంగా రెండు ఎత్తులుంటాయి. కూర్చునే చెక్క నేలనుంచి 24 నుంచి 26 అంగుళాలుంటే కౌంటర్ స్టూలు. 28 నుంచి 30 ఉంటే బార్ స్టూలు. ఇళ్ళలో కౌంటరు మామూలుగా 36 అంగుళాల ఎత్తుంటుంది, బార్లలో అయితే 40, 42. మన వంటగట్లు చాలాచోట్ల అంతకన్నా తక్కువే ఉంటాయి గనక టేపు పట్టుకోకుండా ఏదీ నమ్మడానికి లేదు. కూర్చునే చెక్కకీ కౌంటరు పైభాగానికీ మధ్య 10 నుంచి 12 అంగుళాలుండాలి. మాకు ఉన్నది ఆరు. అందులో మళ్ళీ గ్రానైటు మందం పోవాలి! ఒక్కో మనిషికి రెండడుగుల వెడల్పు కావాలి. అంటే ఆరడుగుల కౌంటరుకి ముగ్గురే. నాలుగో స్టూలు నా అత్యాశ.

ఇక రకాలంటారా... కింద గుండ్రటి స్టీలు పళ్ళెం, మధ్యలో ఒకే స్తంభం, మీట నొక్కితే పైకీ కిందికీ వెళ్ళే గ్యాస్ లిఫ్ట్ స్టూళ్ళు చూడ్డానికి సోకుగా ఉంటాయి. గిరగిరా తిరుగుతాయి కూడా. పిల్లలకి అదే సరదా, పెద్దవాళ్ళకి అదే భయం. రెక్సిన్ సీటు అయితే మన ఉక్కపోతకి ఒంటికి అంటుకుంటుంది. పాతబడేకొద్దీ పెచ్చులూడుతుంది. వెన్ను ఆనే చెక్క లేని స్టూలు కౌంటరు కిందికి పూర్తిగా వెళ్ళిపోతుంది, చోటు కలిసొస్తుంది. కానీ దానిమీద పావుగంట మించి కూర్చోలేం. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ చూడనిది, కాళ్ళు ఆనించే అడ్డకమ్మి. మామూలు కుర్చీలో నేలకీ సీటుకీ ఎంత దూరం ఉంటుందో, ఇక్కడ కమ్మికీ సీటుకీ దాదాపు అంతే ఉండాలి. లేకపోతే కాళ్ళు గాల్లో వేలాడి, కాసేపటికే తొడల కింద తిమ్మిరెక్కుతుంది.

ఇవన్నీ నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. అమ్మని చూశాక నేర్చుకున్నాను.

నిలబడిన మనిషి

నాన్న పోయిన రెండేళ్ళకి అమ్మ మా దగ్గరికి వచ్చింది. సంచుల్లో ఊరగాయలతోపాటు పాతచీరలో చుట్టిన పనసచెక్క పీట కూడా దిగింది. నాలుగంగుళాల ఎత్తు. దానిమీద కూర్చునే ఆవిడ కట్టెలపొయ్యి ఊదింది. కూరలు తరిగింది. అందరూ తిన్నాక, మిగిలింది ముందు పెట్టుకుని తిన్నది కూడా దానిమీదే. మా ఆవిడ ‘ఎక్కడ పెట్టమంటారు అత్తయ్యా?’ అంటే, ‘నువ్వెక్కడ పెట్టినా సరేనమ్మా’ అంది. లాఫ్ట్ మీద పెట్టాం.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఎముకల డాక్టరు మాత్రలకన్నా ముందు చెప్పింది ఒకటే. నేలమీద కూర్చోవద్దు, పీట వద్దు, బాసింపట్టు అసలే వద్దు. సీటు ఎంత ఎత్తుగా ఉంటే లేచేటప్పుడు మోకాలి మీద అంత తక్కువ భారం పడుతుందట. ‘‘మాకు ఎత్తు స్టూళ్ళున్నాయిలెండి’’ అన్నాను గొప్పగా. డాక్టరు ఏమనుకున్నాడో ఏమో, ఓ నవ్వు నవ్వి ఊరుకున్నాడు.

వచ్చిన మర్నాడు పాప చెయ్యి పట్టుకుని లాగితే అమ్మ ఆ 30 అంగుళాల స్టూలు ఎక్కబోయింది. ఒక కాలు కమ్మి మీద పెట్టి, కౌంటరు పట్టుకుని, పైకి చూసి, మళ్ళీ దిగిపోయింది. ‘‘చెట్టెక్కినట్టుంది తల్లీ, నావల్ల కాదు’’ అని నవ్వేసింది. మేమూ నవ్వేశాం.

తర్వాత రెండు వారాలకి, ఓ ఆదివారం. కౌంటరుకి ఇటువైపు మేం ముగ్గురం వంకర్లు తిరుగుతూ దోసెలు తింటున్నాం. అటువైపు అమ్మ పోస్తోంది. మా ఆవిడ ‘నేను పోస్తాను, మీరు కూర్చోండి అత్తయ్యా’ అని రెండుసార్లు అంది. అమ్మ వినలేదు. నేను పేపరు తిరగేస్తున్నాను. పాప ఉన్నట్టుండి ‘‘నాన్నా, నానమ్మ రోజూ నించునే తింటుంది ఎందుకు?’’ అంది.

తలెత్తాను. అమ్మ పొయ్యి పక్కన నిలబడి, ఎడంచేతిలో ప్లేటు పట్టుకుని, మాకు వీపు పెట్టి తింటోంది. ఒక కాలిమీద భారం వేసి, ఇంకో కాలు కాస్త ఎత్తి పట్టుకుంది. నేలమీద కూర్చోవద్దని మేమే చెప్పాం. స్టూలు ఎక్కలేదు. సోఫాలో కూర్చుని తినడం ఆవిడకి ఎంగిలి. మరింకెక్కడ కూర్చుంటుంది? రెండు వారాల నుంచీ మూడుపూటలా నిలబడే తింటోందని ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళకి తెలియలేదు. ‘‘నాకు అలవాటేరా’’ అంది అమ్మ. అది నిజం. అదే నన్ను పొడిచింది.

ఆలోచిస్తే ఆవిడ జీవితంలో వంటిల్లు మారిన ప్రతిసారీ కూర్చునే చోటు పోతూనే వచ్చింది. కట్టెలపొయ్యి ఉన్నన్నాళ్ళూ పొగ తాగినా పీటమీద కూర్చునైనా ఉండేది. గ్యాస్ పొయ్యి వచ్చాక అది గట్టు ఎక్కింది, అమ్మ లేచి నిలబడింది. డైనింగ్ టేబుల్ వచ్చాక మేం కుర్చీల్లో కూర్చున్నాం, వడ్డిస్తూ ఆవిడ నిలబడింది. ఇప్పుడు ఓపెన్ కిచెనొచ్చింది. అదే కథ.

నిజానికి వంటింట్లోకి స్టూలు వచ్చింది తినేవాళ్ళ కోసమే కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో సామాన్యుల ఇళ్ళ కోసం మార్గరెటె షూటె లిహోట్స్కీ అనే మహిళా ఆర్కిటెక్టు ఒక వంటిల్లు రూపొందించింది. ‘ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్’ అని దానికి ప్రపంచమంతా పేరు. ఈనాటి మన మాడ్యులర్ కిచెన్లకి తాత లాంటిది. ఇంచుమించు ఆరడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు ఉన్న ఆ చిన్న గదిలో, ఎత్తు సర్దుకోవడానికి వీలైన, తిరిగే స్టూలు ఒకటి పెట్టింది. ఎవరికోసం? వండే మనిషి కూర్చుని పని చేసుకోవడం కోసం! ఇన్నేళ్ళ తర్వాత కొన్న మా ఫ్లాటులో స్టూళ్ళన్నీ కౌంటరుకి ఇవతలే ఉన్నాయి. వండే వైపు ఒక్కటీ లేదు.

‘ఎవల కొలత తీస్కున్నరు సార్?’

ఆ వారంలోనే కార్పెంటరుని పిలిచాను. కరీంనగర్ వైపు మనిషి. స్టూళ్ళు చూసి టేపు తీసి కొలిచాడు. ‘‘గివి బార్ల పెట్టే స్టూళ్ళు సార్. గీ గట్టుకు పనికిరావు. అయిదించులు కొయ్యాలె’’ అన్నాడు. కొన్న ధర గుర్తొచ్చి నా ప్రాణం ఉసూరుమంది. కానీ నాలుగు కాళ్ళ చెక్క స్టూళ్ళు కావడం మా అదృష్టం. అదే ఒంటి స్తంభం స్టీలువయితే కోతకి లొంగేవి కావు. కింద కోస్తే కమ్మికీ సీటుకీ మధ్య దూరం మారదు. కమ్మి మాత్రం నేలకి ఏడంగుళాల్లోకి, మెట్టు ఎత్తుకి దిగుతుంది. మా ముగ్గురి స్టూళ్ళూ గంటలో అయిపోయాయి.

‘‘నాలుగోది అమ్మకి కావాలి’’ అన్నాను.

‘‘మరి అమ్మ కొలత తీస్కున్నరా?’’

నేను తెల్లమొహం వేశాను. అతను లోపలికెళ్ళి ‘‘అమ్మా, జర గీ కుర్చీల కూసోండ్రి’’ అని అమ్మని కూర్చోబెట్టి, మోకాలి మడత నుంచి మడమ దాకా టేపు పెట్టాడు. 15 అంగుళాలు. మా కమ్ములు సీటుకి 18 అంగుళాల కింద ఉన్నాయి. ‘‘అందుకే కాళ్ళు అందుతలేవు’’ అన్నాడు. అమ్మ సిగ్గుపడుతూ నవ్వుతోంది. జాకెట్టుకి తప్ప ఇంక దేనికీ ఆవిడ కొలత ఎవరూ తీసుకోలేదు. ఊళ్ళో కట్టిన గట్టు మేస్త్రీ ఎత్తున ఉంది, కొన్న డైనింగ్ టేబుల్ నాన్న ఎత్తున ఉంది.

రెండ్రోజులు పట్టింది ఆ స్టూలుకి. సీటు 25 అంగుళాలకి తెచ్చి, వెన్నుకి చెక్క వేశాడు. గోడవైపు మాత్రం చెయ్యి పెట్టి, ఎక్కే వైపు ఖాళీ వదిలాడు. నేలనుంచి పదంగుళాల ఎత్తులో పాదమంతా ఆనేలా వెడల్పాటి చెక్క దిగ్గొట్టాడు. ఎక్కేటప్పుడు ఒకవైపే బరువు పడితే స్టూలు తూగుతుందని, అటువైపు కాళ్ళకింద నాలుగంగుళాలు బయటికి వచ్చేలా పట్టీలు వేసి, నున్నటి టైల్సు మీద జారకుండా రబ్బరు బిళ్ళలు కొట్టాడు. అయితే కౌంటరుకి లోపలివైపు అన్నీ అరలే, మోకాళ్ళకి చోటు లేదు. మా ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, పెళ్ళిలో వచ్చిన డిన్నర్ సెట్లు దాచిన అర తలుపు తీసి ‘‘ఇది తీసెయ్యండి, ఎప్పుడు వాడాం గనక?’’ అంది. నాకన్నా ఆవిడే నయం.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. నేలనుంచి పదంగుళాల చెక్క మీదికి ఒకేసారి కాలు వెయ్యడం అమ్మకి కష్టం. మధ్యలో ఏదన్నా చిన్న మెట్టు కావాలి. కార్పెంటరు చెక్కముక్క వెతుకుతుంటే అమ్మే అంది, ‘‘పైన నా పీట ఉందిగా’’ అని. లాఫ్ట్ మీంచి దించి, దుమ్ము దులిపి, దానికీ రబ్బరు బిళ్ళలు కొట్టి స్టూలు పక్కన వేశాం. ముందు దాన్ని కళ్ళకద్దుకుంది. ఆ తర్వాతే కాలు పెట్టింది.

బార్లలో స్టూళ్ళు అంత ఎత్తెందుకో అప్పుడు అర్థమైంది. అవతల నిలబడి పోసేవాడి కళ్ళూ, ఇవతల కూర్చున్నవాడి కళ్ళూ ఒకే ఎత్తుకి వస్తాయి. ఎవరూ తలెత్తనక్కర్లేదు, ఎవరూ వంగనక్కర్లేదు. ఇన్నేళ్ళూ అమ్మ మొహం నాకు పైనుంచి వంగి వడ్డిస్తున్నట్టే గుర్తు. ఇప్పుడు మా మధ్య మూడడుగుల గ్రానైటు, ఎదురుగా ఆవిడ కళ్ళు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పాపకి ఎక్కాలు అప్పజెప్పిస్తుంది. పెసరట్టు మొదటిది ఎవరికన్న వాదన రోజూ ఉంటుంది. చాలాసార్లు పాపే గెలుస్తుంది.

అలవాట్లు మాత్రం కొయ్యడానికి రంపం లేదు. ఇప్పటికీ మేం కూర్చోగానే అమ్మ లేవబోతుంది. పాప అప్పటికే పీట లాగేసి తన స్టూలు కింద దాచేస్తుంది. ‘‘మెట్టు లేదు నానమ్మా, ఇంక దిగలేవు, తిను’’ అంటుంది.

మొన్న ఊరినుంచి పిన్ని ఫోన్ చేసింది. ‘‘ఏం చేస్తున్నావక్కా?’’ అన్నట్టుంది. స్పీకర్లో అమ్మ జవాబు ఇల్లంతా వినబడింది.

‘‘ఏముందే, బార్ స్టూలెక్కి కూర్చున్నా!’’