సంచీతో నా దేహం

ఆపరేషన్‌లో నా పొట్ట మీదికి తెచ్చిన, ఎర్రగా, తడిగా కనిపించే ఈ పేగు మొనను స్టోమా అంటారు. నొప్పి తెలిపే నరాలు లేవు గనుక ముట్టుకున్నా నొప్పి పుట్టదు. బాధంతా అద్దం ముందు చీర విప్పినప్పుడే.

ఆపరేషన్ తర్వాత ఏం తినాలో, స్టోమాకు తగిలించే మలం సంచీ ఎలా మార్చాలో చెప్పారు. పడకగది సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రాణం దక్కింది, ఇంకేం కావాలి అన్నారు మావాళ్లు. ప్రాణంతో పాటు కోరికా మిగిలిందని ఎవరితో చెప్పుకోను?

స్టోమాతో బయటికి రావడానికే భయపడిన తోబుట్టువు తోరా కోసం, డెన్మార్క్ నర్సు ఎలిసె సోరెన్‌సెన్ 1954లో అంటించుకుని పారేసే సంచీని ఊహించింది. తోరా నాకు తరచూ గుర్తొస్తుంది. ఒక స్త్రీ సిగ్గును మరో స్త్రీ పట్టించుకున్నందుకే కదా ఈ సౌకర్యం పుట్టింది!

పడకగది గురించి తెలుసుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. మలాశయం తీసేస్తే లోపలి అమరిక మారి కలయికలో నొప్పి రావచ్చు, యోని పొడిబారవచ్చు. జెల్లు, భంగిమ మార్పు చాలామందికి మేలు చేస్తాయి. ముందుగా సంచీ ఖాళీ చేసుకుని, మెత్తని గుడ్డపట్టీ కట్టుకుంటే బెదురు తగ్గుతుంది. కౌగిలింతకు స్టోమా దెబ్బతినదు. ఇలియోస్టమీ (చిన్నపేగు నుంచి తీసిన స్టోమా) ఉన్నవాళ్లకు గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు, డాక్టరును అడగాలి. గర్భం మాత్రం చాలామందికి సాధ్యమే.

భర్తలకో మాట: చూపు తిప్పుకోకండి, చేత్తో తాకండి. డాక్టర్లకు, నర్సులకు నా విన్నపం: ఈ సంగతి మీరే ముందు ఎత్తండి. మేం అడగలేకపోతున్నాం.