రాశిచక్రం – హాకీ మైదానం

మనిషి స్వభావాన్ని ఆకాశంలో వెతకడం మనకు అనాదిగా ఉన్న అలవాటు. ఉగాదినాడు పంచాంగ శ్రవణం చేసి ఆదాయవ్యయాలు లెక్కించుకునే మనకు ఆటగాడి ఆటతీరులోనూ రాశి లక్షణాలు కనిపించడం ఆశ్చర్యం కాదు. హాకీ అంటే నాకు ప్రాణం. ఆట చూస్తున్నప్పుడు నేనూ సరదాగా ఇటువంటి పోలికలు అల్లుకుంటూ ఉంటాను. పొట్టేలులా ప్రత్యర్థుల మధ్యకు దూసుకుపోయే ముందువరుస ఆటగాడు మేషం. పీతలా పక్కకు జరుగుతూ గోలును కాచుకునే గోల్‌కీపర్ కర్కాటకం. దాడినీ రక్షణనూ సమంగా తూచే సెంటర్ హాఫ్ తుల. పెనాల్టీ కార్నర్ వచ్చేదాకా నిశ్చలంగా ఉండి, ఒక్కసారిగా తేలులా కుట్టే డ్రాగ్ ఫ్లిక్ నిపుణుడు వృశ్చికం.

పోలిక అందమైనదే. అది నిజమా అన్నది వేరే ప్రశ్న.

మేజర్ ధ్యాన్‌చంద్ 1905 ఆగస్టు 29న అలహాబాదులో జన్మించారు. పాశ్చాత్య గణన ప్రకారం ఆనాడు సూర్యుడు కన్యారాశిలో ఉన్నాడు. మన నిరయన గణన ప్రకారం సింహరాశిలో ఉన్నాడు. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల ఈ రెండు గణనల మధ్య నేడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది. జన్మనక్షత్రాన్ని బట్టి చూసే చంద్రరాశి వేరొకటి కావచ్చు. కన్య అంటే నైశిత్యం. బంతి కర్రకు అతుక్కుందా అనిపించే ఆయన నైపుణ్యానికి అది సరిపోతుంది. సింహం అంటే నాయకత్వం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జట్టును స్వర్ణపతకం వైపు నడిపిన నాయకుడికి అదీ సరిపోతుంది. ఏ తాళానికైనా సరిపోయే చెవి, తాను ఫలానా ఇంటిదని చెప్పగలదా?

అయితే పుట్టిన తేదీకీ ఆటకూ సంబంధమే లేదా? ఉంది. మంచుహాకీని ప్రాణప్రదంగా చూసుకునే కెనడాలో పిల్లలను జనవరి 1 ప్రాతిపదికగా వయోవర్గాలుగా విభజిస్తారు. జనవరిలో పుట్టినవాడు అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. చిన్న వయసులో ఆ తేడా ఎత్తులో, బలంలో స్పష్టంగా కనిపిస్తుంది. పెద్దవాడు ఎంపికవుతాడు, మంచి శిక్షణ అతనికే దక్కుతుంది. అక్కడి మేటి యువజట్లలో ఏడాది తొలి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా ఉన్నారని 1980లలో పరిశోధకులు గుర్తించారు. అక్కడ పిల్లల భవితను మలచినది నక్షత్రం కాదు, మనుషులు గీసిన గీత.

గీతలు మనసులోనూ ఉంటాయి. నాకు తెలిసిన ఒక విద్యార్థిని లేడిలా పరుగెత్తేది. అయినా “నాది కర్కాటకం, వెనకే ఆడాలని ఇంట్లో అన్నారు” అని ముందుకు రావడానికి జంకేది. “నీ రాశి ఏదో బంతికి తెలియదమ్మా” అన్నాను. ఆమె నవ్వి, ఆ సాయంత్రం ముందువరుసలో ఆడింది. గోలు చేయలేకపోయింది, కాని మరునాడు ఆ స్థానాన్నే అడిగి తీసుకుంది.

రాశి పోలికలు ఆటను వర్ణించడానికి పనికివస్తాయి. ఆటగాడికి హద్దు గీయడానికి పనికిరావు. సైనికుడిగా పగలంతా కొలువు చేసిన ధ్యాన్‌సింగ్ రాత్రివేళ వెన్నెలలో సాధన చేసేవాడనీ, అందుకే ఆయన పేరులో ‘చంద్’ చేరిందనీ చెబుతారు. చంద్రుడు ఆయనకు ఏ రాశిని ఇచ్చాడో గాని, వెలుతురును మాత్రం ఇచ్చాడు. ఆ వెలుతురులో కర్ర పట్టి శ్రమించినది ఆయనే.