తెరచాప నీడలో ఇరువది దినములు

ప్రయాణమనగా గమ్యమును త్వరగా చేరుటయే అని నేటి విద్యార్థిలోకం భావిస్తున్నది. బాల్యంలో మేము చేసిన ఒక నెమ్మదైన ప్రయాణం మా చదువుకే ఆధారమైనది. ఆ అనుభవాన్ని మేము చదివిన ఈ కళాశాల పత్రిక ద్వారా సోదర విద్యార్థుల ముందుంచుతున్నాము.

1964 వేసవి సెలవులలో మేమిద్దరు అన్నదమ్ములము మా దాదాగారి పడవలో కృష్ణపట్నం నుండి మద్రాసుకు వెళ్ళి వచ్చాము. సముద్రతీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువే మా మార్గం. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో మద్రాసు వద్ద త్రవ్వకం మొదలైన ఈ కాలువ, 1876-78 నాటి ఘోర క్షామంలో కూలికై వచ్చిన పేదల శ్రమతో విస్తరించి, 1878లో నాటి గవర్నరు పేరును ధరించినది. ఉత్తరాన పెదగంజాం మొదలు దక్షిణాన మరక్కాణం వరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు.

పడవ నిండా సర్వికట్టెలు. వెనుక భాగాన తాటాకు గూడు క్రింద మా కాపురం. ఒక మట్టిపొయ్యి, ఒక లాంతరు, రెండు చాపలు, రెండు కుండల మంచినీరు, ఇదే మా ఆస్తి. కాలువ నీరు ఉప్పన గనుక స్నానానికి, వుజూకు ఆ నీరే. కుండలోని నీరు దాహానికి, వంటకు మాత్రమే. దక్షిణానికి పోతున్నంత కాలం కిబ్లా మా కుడి చేతి వైపు ఉండేది. "తిరిగి వచ్చేటప్పుడు ఎడమ చేతి వైపు, మరువకండి" అని దాదాగారు హెచ్చరించేవారు.

వేసవిలో గాలి దక్షిణం నుండి వీచును. కనుక పోయేటప్పుడు తెరచాప పనికిరాదు. ఇద్దరు కళాసులు గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకొని పడవను లాగేవారు. దాదాగారు చుక్కాని పట్టేవారు. లాకుల వద్ద తలుపులు తెరిచే వరకు గంటల తరబడి నిరీక్షణ.

పులికాటు సరస్సులో గట్టు లేదు, తాడు లాగే వీలు లేదు. గెడలతో నెట్టవలసినదే. ఎదురుగాలి బలంగా ఉండి రెండు పగళ్ళు కదలలేకపోయాము. ఎడమ ప్రక్క శ్రీహరికోట అడవి. 1971 నుండి రాకెట్లు ఎగిరిన ఆ దీవి చెంతనే మా పడవ లంగరు వేసుకొని నిలిచినది. మాకు విసుగు పుట్టినది.

"దాదా, లారీలో అయితే ఒక్క రాత్రిలో మద్రాసు చేరేవాళ్ళం కదా?" అన్నాము.

దాదాగారు కోపగించలేదు. "చేరేవారు బేటా. గాలి తగ్గేదాకా ఈ చిరుగు కుట్టండి" అని సూది, పురికొస మా చేతికిచ్చి తెరచాపను ముందు పరిచారు. మా కుట్లు వంకరగా వచ్చినవి. ఆయన విప్పించలేదు.

పదకొండవ దినాన మద్రాసు చేరాము. కట్టెలు దింపి సరుకు ఎక్కించుటకు నాలుగు దినములు పట్టినది. తిరుగుప్రయాణంలో అదే దక్షిణపు గాలి మాకు చుట్టమైనది. తెరచాప నిండుగా పొంగినది. మా కుట్లు నిలిచినవి. ఐదు దినములలో ఇల్లు చేరాము.

1965, 1966 సంవత్సరాల తుపానులకు కాలువ చాలా చోట్ల దెబ్బతిన్నది. పూడిక పేరుకున్నది. కట్టెల బాడుగలు లారీల పాలైనవి. 1967లో మాలో పెద్దవాడు ఈ కళాశాలలో పి.యు.సి.లో చేరవలసి వచ్చినప్పుడు దాదాగారు పడవను 400 రూపాయలకు అమ్మివేశారు. కొన్నవారు దానిని పలకలుగా విడదీసి తీసుకొనిపోయారు. ఆనాడు ఆయన మాతో అన్నది ఒక్కటే మాట: "కాలువ ఆగింది, మీ చదువు ఆగకూడదు."

తెరచాపను మాత్రం ఆయన అమ్మలేదు. ఆయన జీవించినంత కాలం మా పెరటిలో వడ్లు దానిమీదనే ఎండినవి. మా వంకర కుట్లు చివరిదాకా అట్లే ఉన్నవి. లారీని గురించి మేమడిగిన ప్రశ్న ఆయనను ఎంత బాధించినదో అడిగి తెలుసుకొనే ధైర్యం మాకు ఎన్నడూ కలుగలేదు.

2008లో ఈ కాలువను జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. ఆ వార్త చదివినప్పుడు మాకు మొదట స్ఫురించినది ఈ కళాశాల కార్యాలయపు కిటికీ. అక్కడ మేము చెల్లించిన తొలి రుసుము ఒక పడవ వెల. సోదరులారా, మీ రుసుము రసీదు వెనుక ఏమి అమ్ముడుపోయినదో ఒకసారి ఇంటివారిని అడగండి. మేము అడుగుటలో ఆలస్యము చేసితిమి.