నవ్వని ఆ ఒక్కడు

మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా భోజనాలకన్నా ముందు వడ్డించే కథ ఒకటుంది. 1979లో స్కైలాబ్ నెత్తిన పడుతుందని భయపడిపోయిన మా తాత, పెంచుకున్న యాటలు రెండూ కోయించి వాడకట్టుకంతా పెట్టేశాడు. పుట్టింట్లో ఉన్న నాయనమ్మను అప్పటికప్పుడు వెళ్లి తీసుకొచ్చాడు. తీరా జులై 11న దాని ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ‘మా ఊళ్లో పడింది నాయిన పరువొక్కటే’ అని బాబాయి అనగానే పందిరంతా నవ్వులు. నేనూ పడీపడీ నవ్వేదాన్ని.

జర్నలిజం డిప్లొమాతో ఉద్యోగంలో చేరిన చాన్నాళ్లకు దూరవిద్యలో ఎమ్మే ఇంగ్లిషు కట్టాను. సిలబస్‌లో ఛాసర్ ఉన్నాడు. 14వ శతాబ్దం చివర్లో ఆయన రాసిన ‘కాంటర్‌బరీ కథలు’లో మిల్లర్ చెప్పే కథ అది. ఆక్స్‌ఫర్డ్‌లో ఓ ముసలి వడ్రంగి, అతని పడుచు భార్య, ఇంట్లో అద్దెకున్న విద్యార్థి. ఆమె మీద కన్నేసిన కుర్రాడు, నోవహు నాటి జలప్రళయం మళ్లీ వస్తోందని వడ్రంగిని నమ్మించి, ఇంటికప్పుకు వేలాడదీసిన తొట్టి ఎక్కిస్తాడు. రాత్రి ‘నీళ్లు, నీళ్లు’ అన్న కేక వినగానే వరదొచ్చిందనుకున్న వడ్రంగి తాడు నరికేసి, దబ్బున కిందపడి చెయ్యి విరగ్గొట్టుకుంటాడు. పిచ్చోడంటూ ఊరంతా నవ్వుతుంది.

పరీక్ష కోసం పదాలు బట్టీ పట్టాను. ‘ఫాబ్లియో’ అంటే ఫ్రెంచి భాషలో 12, 13 శతాబ్దాల్లో వెలిగిన పొట్టి హాస్యకథా కావ్యం. అందులో టక్కరివాడు గెలుస్తాడు, అమాయకుడు దెబ్బతింటాడు. జాలికి పెద్దగా చోటుండదు. ‘ఎస్టేట్స్ సెటైర్’ అంటే ఒక్కో వృత్తివాళ్లకూ లోకం అంటగట్టిన లోపాలను ఎత్తిచూపే వ్యంగ్యం. ఇక ‘పర్సోనా’... కథలో ‘నేను’ అనే యాత్రికుడు వేరు, రాసిన ఛాసర్ వేరు అని 1954లో డొనాల్డ్‌సన్ అనే విమర్శకుడు వివరించాడు. యాత్రికుడు అందరినీ అమాయకంగా మెచ్చుకుంటుంటే, వెనకనుంచి కవి మనకు కన్నుగీటుతుంటాడన్నమాట!

బట్టీ బాగానే సాగింది. కానీ రెండుచోట్ల ఆగిపోయాను. ప్రళయం మాట వినగానే ఆ వడ్రంగి తన ప్రాణం గురించి అడగడు. అయ్యో, నా భార్య మునిగిపోతుందా అని విలవిల్లాడతాడు. ఫాబ్లియో లెక్కప్రకారం అక్కడ జాలిపడకూడదు. ఛాసర్ మాత్రం అతనితో ఆ మాట అనిపించాడు. కథ అయ్యాక యాత్రికుల్లో చాలామంది నవ్వుతారు. రీవ్ అనే ఒక్కడే మనసు కష్టపెట్టుకుంటాడు. అతనూ వడ్రంగి పని నేర్చినవాడే.

ఆ రాత్రి తాత గుర్తొచ్చాడు. పందిట్లో మేమంతా నవ్వుతుంటే ఆయన ఎటు చూసేవాడు? ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. నేనెప్పుడూ అటు చూడలేదు మరి! తాత పోయి అప్పటికే మూడేళ్లు. సెలవుకు ఊరెళ్లి, ‘ఆ కథకు నువ్వూ నవ్వేదానివా’ అని నాయనమ్మను అడిగాను.

‘‘నేనెందుకు నవ్వుత బిడ్డా? సచ్చేదుంటే ఒక్కకాడ్నే సద్దామని పదిమైళ్లు నడిసొచ్చి నన్ను తోల్కపోయిండు’’ అంది.

పరీక్షలో ఫాబ్లియో లక్షణాలు రాసి పాసయ్యాను. ఆమధ్య మా తమ్ముడి పెళ్లిలో బాబాయి మళ్లీ ఆ కథ ఎత్తుకున్నాడు. ఈసారి మధ్యలో అందుకుని, పదిమైళ్ల నడక కూడా కలిపి నేనే చెప్పాను. జనం నవ్వారు, కాకపోతే కాస్త ఆగి నవ్వారు. నేను మాత్రం నాయనమ్మ వైపే చూస్తున్నాను. ‘‘ఇగ సాలు తియ్యి’’ అంటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె కూడా నవ్వింది.