ఉరుకుడెందుకు బిడ్డా?

తమ్ముళ్లారా! మా చిన్న మంగళారంలో పొద్దున్నే పరుగెత్తేవాణ్ని చూస్తే "కానిస్టేబులు సెలక్షన్లా?" అంటారు. 1600 మీటర్లు గట్టెక్కితే పరుగు అయిపోయినట్లే. హైదరాబాద్‌లో మాత్రం ఏటా ఆగస్టులో నెక్లెస్ రోడ్డు నుండి గచ్చిబౌలి దాకా, డబ్బు కట్టి మరీ 42.195 కిలోమీటర్లు పరుగెత్తుతారు. పీజీకి వచ్చాక నాకూ ఆ ఆశ పుట్టింది. దారిలో ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు; అందుకే ముందు 10 కిలోమీటర్లే ఎంచుకున్నాను. వారానికి మూడు రోజులు మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగు, ఆదివారం కొంచెం ఎక్కువ దూరం, మర్నాడు విశ్రాంతి. సెలవుల్లో చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లే తోడు.

"కొలువు రాని ఉరుకుడెందుకు బిడ్డా?" అన్నాడు నాయిన.

"డిగ్రీ గూడ ఇట్లనే వచ్చింది నాయినా, రోజుకింత" అన్నాను.

"మరి బూట్లున్నయా?" అన్నాడు.

తమ్ముళ్లారా, మన ఇళ్లలో ఎవరూ పోని దూరాలు ఇంకా ఉన్నాయి. రోజుకింత పోదాం!